ఊట నీరు, ఇసుక గట్టు, గుప్పెడు పోగులు

మట్టి పరీక్షల పనిలో కొత్తగా చేరిన ఇంజనీర్లు అప్పుడప్పుడు హిమాయత్‌నగర్‌లోని మా ఇంటికి వస్తుంటారు. మాది మూడో అంతస్తు. లిఫ్టు ఉందన్న మాటే గాని సగం రోజులు పనిచేయదు. మెట్లెక్కి వచ్చి, మంచినీళ్లు తాగి, ఊపిరి తీసుకున్నాక వాళ్లు అడిగేది దాదాపు ఒకటే: ఈ పనిలో ముందు ఏం నేర్చుకోవాలి? ఎక్కడికి వెళ్లినా నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో, ఎటు పోతున్నాయో చూడటం నేర్చుకోండి అంటాను. ఇంత చిన్న మాట కోసమా ఇన్ని మెట్లెక్కాం అన్నట్టు చూస్తారు. అందుకే ఆ మాట వెనక ఉన్నదంతా ఒకసారి రాసి పెడదామనిపించింది.

నా పేరు ఎస్తేరు. మాది మెదక్. నాన్న చర్చి బడిలో లెక్కలు చెప్పేవాడు. సివిల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి, అబిడ్స్ వెనక గల్లీలో ఒక ప్రైవేటు లాబొరేటరీలో చేరాను. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. ప్రమోషన్ల గురించి రాయను. మా లాబ్‌లో పైకి ఎక్కడానికి మెట్లు తప్ప మరేమీ లేవు.

హైదరాబాద్ అంటే రాయి అనుకుంటారు అందరూ. నిజమే, కింద రాయే. కానీ ఆ రాయి మీద చాలాచోట్ల శిథిలమైన రాతి ఇసుక ఉంటుంది, మొరం ఉంటుంది. పాత గల్లీల్లోనైతే పల్లాలు పూడ్చడానికి ఎప్పుడో ఎవరో తెచ్చి పోసిన ఇసుక కూడా ఉంటుంది. వాననీళ్లు ఇసుకలోకి దిగుతాయి, రాయి తగలగానే కిందికి పోలేక పక్కకు నడుస్తాయి. మనం ఎక్కడ గట్టును కోస్తే అక్కడ ఊటగా బయటపడతాయి.

ఇసుక స్వభావం చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇల్లు కట్టే చోట పోసిన ఇసుక కుప్పలో వాళ్లు గుహలు తవ్వుతారు. ఇసుక కాస్త తడిగా ఉంటే గుహ నిలుస్తుంది. చెంబెడు నీళ్లు పోస్తే కూలుతుంది. గట్టు కథ కూడా అంతే. కాకపోతే ఆ చెంబెడు నీళ్లు వెనక నుంచి, కనపడకుండా వస్తాయి. గట్టు అడుగున ఇసుక రేణువులు ఒక్కొక్కటే నీటితో బయటికి పోతాయి. అడుగు డొల్ల అవుతుంది, పై భాగం ఉన్నపళంగా దిగబడుతుంది. మనుషులు గట్టు పైభాగాన్ని చూసి బాగానే ఉందనుకుంటారు. నేను పని చేసినన్నాళ్లూ ముందు వంగి అడుగు చూశాను.

బాలకిషన్ సార్

లాబ్ యజమాని బాలకిషన్ సార్. పాత హైదరాబాదీ కుటుంబం. ఇంట్లో సగం ఉర్దూ, సగం తెలుగు. ఎండైనా వానైనా ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. నేను చేరిన రోజు నాకు కుర్చీ చూపించలేదు. వరండాలో పరిచిన రకరకాల మట్టి నమూనాలు చూపించి, "జర చేతుల పట్టుకొని చూడు ఎస్తేర్. నీళ్లు చల్లి చూడు. మిషన్ల తర్వాత పెడుదువు" అన్నారు. మధ్యాహ్నం దాకా మట్టి పిసికాను. ఆ రోజు నేర్చుకున్నది తర్వాత ఏ పరికరమూ కాదనలేదు.

ఆయన గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. నేను చూసిన ఇంజనీర్లలో నీటిని అంత బాగా అర్థం చేసుకున్నవాడు ఇంకొకడు లేడు. కొత్త వస్తువును అంత మొండిగా వద్దన్నవాడు కూడా లేడు. గట్టు అంటే రాతి కట్టడం, దాని వెనక కంకర, అడుగున నీళ్లు పోయే రంధ్రాలు. అంతకు మించి ఎవరేం చెప్పినా ఆయనకు అమ్మకందారు మాటల్లాగే వినిపించేది.

ఒకసారి నిజంగానే ఒక అమ్మకందారు వచ్చాడు. సంచిలోంచి తెల్లటి సింథటిక్ పోగులు తీసి టేబుల్ మీద పోశాడు. వేలి కణుపంత పొడవు, వెంట్రుకంత సన్నం. ఇసుకలో కలిపితే గట్టు బలపడుతుందన్నాడు. సార్ ఒక పోగును వెలుతురులో పెట్టి చూసి, "గిది మట్టి లాబ్ నాయనా. కుట్టు పని నేర్పే కాడ అడుగు" అన్నారు. అతను నొచ్చుకోకుండా నవ్వి, సంచి వదిలేసి వెళ్లాడు.

ఆ సంచి నేను తీసుకున్నాను.

అద్దాల తొట్టి

మా లాబ్‌లో ముందు వైపు అద్దం బిగించిన పొడవాటి తొట్టి ఒకటి ఉండేది. అందులో ఇసుకతో చిన్న గట్టు కట్టి, వెనక నుంచి నీళ్లు వదిలితే ఊట ఎలా నడుస్తుందో అద్దంలోంచి చూడొచ్చు.

ముందు పోగులు కలపడమే నాకు చేతకాలేదు. పొడి ఇసుకలో వేస్తే పైకి తేలి, ఉండలు కట్టి, పిచ్చుక గూళ్లలా తయారయ్యాయి. ఇసుకను ముందు తడిపి, పోగులను చిటికెలు చిటికెలుగా చల్లుతూ కలిపితేనే అవి లోపలికి పోయి రేణువులను పట్టుకుంటాయని చాలా ఇసుక పారబోశాక తెలిసింది. ఎక్కువ కూడా అక్కర్లేదు. వంద కిలోల ఇసుకకు కిలో లోపే చాలు. అంతకు మించితే దిమ్మిస కొట్టినా ఇసుక గట్టిపడక పరుపులా ఎగురుతుంది.

ముందు ఉత్త ఇసుక గట్టు కట్టి నీళ్లు వదిలాను. కాసేపటికి అడుగున చెమ్మ. తర్వాత చిన్న ఊట, దాంతో పాటు రేణువులు. ఒక సన్నని గాడి వెనక్కి వెనక్కి తినుకుంటూ పోయింది. పైన ఏ మార్పూ లేదు. చూస్తుండగానే గట్టు ముందు భాగం మొత్తం జారి అద్దానికి కొట్టుకుంది.

మర్నాడు పోగులు కలిపిన గట్టు కట్టి సార్‌ను పిలిచాను. ఆయన టీ గ్లాసుతో వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నారు. అడుగు తడిసింది. నీళ్లు వచ్చాయి. రేణువులు మాత్రం అక్కడక్కడే ఆగాయి. ఉత్త ఇసుక గట్టు ఏ మట్టానికి కూలిందో, నీళ్లు ఆ మట్టం దాటాయి. ఇంకా పెంచాను. గట్టు నడుము దగ్గర కొంచెం ఉబ్బింది. పైన సన్నని పగులు కనిపించింది. ఆ పగులులో తెల్లటి పోగులు రెండు అంచులనూ పట్టుకుని సాగుతూ ఉన్నాయి. చాలాసేపటికి గాని అది నెమ్మదిగా ముందుకు వాలలేదు. ఒరిగింది, కానీ జారిపోలేదు.

సార్ చేతిలో టీ చల్లారిపోయింది.

"ఔ," అన్నారు చివరికి. "పడుతది. గని చెప్పి పడుతది."

"అంటే వాడొచ్చా సార్?"

"నీళ్లకు తొవ్వ ఏడ పెట్టినవ్?"

"ఇందులో పెట్టలేదు సార్. పోగుల బలం చూద్దామని..."

"గదే చెప్తున్న. దారాలు ఇసుకను పట్టుకుంటయ్. నీళ్లను పట్టుకోవు. వెనకంగ నీళ్లు నిండుకుంట పోతుంటే నీ దారాలు ఎంతసేపు ఆపుతయ్? ముందుగాల నీళ్లకు తొవ్వ ఇయ్యి. తర్వాత ఏమన్న కల్పుకో."

ఆయన సర్టిఫికెట్టు ఇచ్చే పద్ధతి అది. ఆ రోజు నుంచి పోగుల సంచిని కుట్టు పని అనడం మానేశారు.

విఠల్ సేఠ్ వెనక గట్టు

ఆ తర్వాత కొన్నేళ్లకు నాంపల్లి నుంచి పిలుపు వచ్చింది. విఠల్ సేఠ్ అని బట్టల వ్యాపారి. కింది గల్లీలో పాత ఇల్లు పడగొట్టి దుకాణం కడుతున్నాడు. సెల్లార్ కోసం తవ్వుతుంటే వెనక గట్టు అడుగున నీళ్లు కనిపించాయి.

వెళ్లి చూశాను. కింది గల్లీకి, పై గల్లీకి మధ్య ఒక అంతస్తుకు మించిన ఎత్తు. మధ్యలో గట్టంతా ఇసుకే. పై గల్లీలో గట్టు అంచున ఒక ప్రెస్సు. పెళ్లి కార్డులు అచ్చు వేస్తారు. దాని పెరట్లో ఎప్పుడో పూడ్చేసిన బావి. వానాకాలం వస్తే ఆ చుట్టుపక్కల భూగర్భ జలం పైకి లేస్తుంది, ఆ పూడ్చిన బావి గుండా ఇసుకలోకి తోసుకొస్తుంది. వేసవిలోనే అడుగు తడిగా ఉందంటే వానాకాలం సంగతి వేరే చెప్పక్కర్లేదు.

కాంక్రీటు గోడ కట్టాలంటే పునాది కోసం గట్టు అడుగును ఇంకా లోపలికి తవ్వాలి. అంటే కూలబోయేదాన్ని ముందే కూల్చడం. గట్టులోకి కడ్డీలు దించే పెద్ద మిషను ఆ గల్లీలోకి రాదు. ఆటో ఎదురైతేనే మనుషులు గోడకు అతుక్కునే గల్లీ అది. అందుకని పోగుల ఇసుక చేద్దామన్నాను. గట్టును నిలువు పట్టీలుగా విడగొట్టి, ఒక్కో పట్టీ వదులు ఇసుకను తీసి, వెనక వడపోత గుడ్డ పరిచి, కంకర నింపి, అడుగున నీళ్లు బయటికొచ్చే పైపు పెట్టి, ముందు భాగాన్ని పోగులు కలిపిన ఇసుకతో పొరలు పొరలుగా దిమ్మిస కొట్టడం. ఒక పట్టీ పూర్తయ్యాకే పక్కది తెరవాలి. ఎండ తగిలితే పోగులు పెళుసెక్కుతాయి కాబట్టి చివర్లో పైన ఎర్రమట్టి కప్పి గడ్డి నాటడం.

సేఠ్ పోగులను వేళ్లతో నలిపి చూశాడు. బట్టల వ్యాపారి కదా, పోగు నాణ్యత ఆయనకు నాకంటే బాగా తెలుసు.

"పోగు మంచిదే మేడం. గని దీంతోని గట్టు ఆగుతదా? నవ్వరా నలుగురు?"

"మీ దుకాణంల చీర ఒక్క దారంతోని ఆగుతదా సేఠ్? అన్ని కలిస్తేనే గద."

ఆయన ఒప్పుకున్నాడు. బాలకిషన్ సార్ నక్షా చూసి పైపుల చోటే వేలు పెట్టి రెండుసార్లు తట్టారు.

పై గల్లీలో ప్రెస్సు యజమాని సత్తయ్యను ఒప్పించడం మాత్రం అంత తేలిక కాలేదు. నలభై దాటిన మనిషి, చెవి మీద పెన్సిలు, చేతులకు ఎప్పుడూ ఇంకు. ముందు గదిలో నలుగురు ఆడవాళ్లు కార్డులు మడతపెడుతుంటే, వెనక గదిలో, సరిగ్గా గట్టు అంచు మీద, పెద్ద అచ్చు యంత్రం ఆడుతుండేది. అది ఆడినప్పుడల్లా కిటికీ చువ్వలు గల్లుమనేవి. తడిసిన ఇసుకకు అదురు అంత చెడ్డది మరొకటి లేదు.

"సత్తన్నా, పని అయ్యేదాక మిషన్ ముందటి రూముల పెట్టుకో."

"మేడం, గది ఏమన్న మంచమా జరపనీకె? లగ్గాల సీజన్. ఆపితే ఎట్ల? కార్డు లేక పెండ్లి ఆగుతదా, నా మాట పోతది గని."

"గట్టు పోతే?"

"మా నాయన కాలం సంది ఉన్నది గట్టు. మీరు కింద గెలకకుంటే ఉంటది."

అతని మాటలో న్యాయం లేకపోలేదు. గెలికింది సేఠ్, అదురు మాత్రం సత్తయ్యది, ఊట ఎవరిదీ కాదు. మా పనిలో ఇలాంటి చోట ఎవరిది తప్పని తేల్చడానికి కూర్చుంటే వానాకాలం వచ్చేస్తుంది. కింద పట్టీ తెరిచి ఉన్నప్పుడు మిషన్ ఆపుతానని, పూడ్చాక నడుపుకుంటానని చివరికి ఒప్పుకున్నాడు. అంతకంటే ఎక్కువ రాబట్టలేకపోయాను.

చివరి పట్టీ

పని బాగా సాగింది. ఒక్కో పట్టీ పూర్తయిన కొద్దీ అడుగున పైపుల్లోంచి తేటనీరు బొట్లు బొట్లుగా రావడం మొదలైంది. తేటగా వస్తే భయం లేదు. ఇసుక తన చోట తానుంది, నీళ్లు ఒక్కటే బయటికొస్తున్నాయని అర్థం. నీళ్లు రావడం చూసి సేఠ్ కంగారుపడితే, రాకపోతేనే కంగారుపడమని చెప్పాను.

సైటు సూపర్‌వైజరు యాదగిరి. పని తెలిసినవాడు, చురుకైనవాడు, కానీ ఆకాశం చూసి పని చేసే రకం. చివరి పట్టీ నాడు నేను ఖైరతాబాద్‌లో ఇంకో సైటు మీద ఉన్నాను. సాయంత్రం మబ్బు పట్టింది. హార్డ్‌వేర్ దుకాణం నుంచి రావలసిన పైపు రాలేదు. పట్టీ తెరిచి ఉండగా వాన పడితే కొంప మునుగుతుందని, వెనక కంకర లేకుండా, గుడ్డ లేకుండా, పైపు లేకుండా పోగుల ఇసుక నింపి దిమ్మిస కొట్టించేశాడు. పైపు తర్వాత పొడుద్దామనుకున్నాడు. ఆ వాన గట్టిగానే పడింది.

పొద్దున్నే వెళ్లాను. మిగతా పట్టీల అడుగున పైపులు చక్కగా కారుతున్నాయి. చివరి పట్టీ దగ్గర పైపు లేదు. గట్టు నడుము దగ్గర బానపొట్టలా ఉబ్బి ఉంది. దానికీ, పట్టీలన్నీ అయ్యాక చేద్దామని ముట్టుకోకుండా వదిలిన పాత ఇసుక మూలకూ మధ్య అతుకులోంచి నీళ్లు వస్తున్నాయి. ఆ నీళ్లు టీ రంగులో ఉన్నాయి.

"పైపేది యాదగిరీ?"

అతను దాచలేదు. "రాలే మేడం. వాన ముందట పూడ్చిన. ఇగో, సిమెంట్ కల్పిస్తున్న. గా సందు మూసేస్తె అయిపాయె."

తట్టలో సిమెంటు సిద్ధంగా ఉంది. నేను తట్ట మీద కాలు పెట్టాను. కొత్తగా చేరేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు: ఊటను మూయకూడదు. మూస్తే నీళ్లు ఆగవు. లోపల మట్టం పెంచుకుని, మనం చూడని ఇంకో చోటు నుంచి ఇంకా ఎక్కువ బలంతో వస్తాయి. అతుకు మీద వడపోత గుడ్డ వేసి, దాని మీద కంకర నింపిన సంచులు పేర్చమన్నాను. నీళ్లు పోవాలి, ఇసుక ఆగాలి, బరువు అడుగును నొక్కి పట్టాలి. అవి పేర్చేవాళ్లను కూడా గట్టు కింద నిలబడనివ్వలేదు. పక్కన గట్టిపడిన పట్టీ వైపు నుంచి పేర్పించాను. ముట్టుకోని మూల దగ్గరికి ఎవరినీ పోనివ్వలేదు.

అప్పుడు పైన యంత్రం ఆడుతున్న చప్పుడు వినిపించింది.

టీ కొట్టులోంచి ఒక గాజు గ్లాసు తెప్పించి, అతుకులోంచి వచ్చే నీళ్లు పట్టాను. దాన్ని తీసుకుని పై గల్లీకి వెళ్లాను.

వెనక గదిలో సత్తయ్య యంత్రం పక్కన నిలబడి ఉన్నాడు. నేల మీద గచ్చులో, గట్టుకు సమాంతరంగా, కొత్త పగులు. దాని మీద కాగితాల కట్టలు పెట్టి ఉన్నాయి.

"సత్తన్నా, మిషన్ బంద్ చెయ్. అందర్ని బయటికి పంపు."

"పట్టీ పూడ్చిన్రు గద మేడం. మాట ప్రకారమే నడుపుతున్న. ఇయ్యాల కార్డులు ఇయ్యాలె."

అతనితో వాదించలేదు. గ్లాసును అతని ముందు బల్ల మీద పెట్టాను. "జరసేపు దీన్ని చూడు" అన్నాను. యంత్రం అదురుకు గ్లాసులో నీళ్లు వణుకుతున్నాయి. మెల్లమెల్లగా పైన నీళ్లు తేరుకున్నాయి. అడుగున వేలెడు మందాన ఇసుక పేరుకుంది.

"ఇదేంది?"

"నీ రూము కింద ఉండాల్సిన ఇసుక. పొద్దటి సంది గిట్లనే పోతున్నది."

అతను గ్లాసు చూశాడు. కాగితాల కట్టలు జరిపి పగులు చూశాడు. చేయి చాచి యంత్రం ఆపేశాడు. అప్పటిదాకా ఆ చప్పుడుకు అలవాటుపడిన ఇంట్లో ఒక్కసారిగా నిశ్శబ్దం. ముందు గదిలో ఆడవాళ్లు మడతలు ఆపి తలలెత్తారు.

"లెవ్వుండ్రమ్మా, బయటికి నడువుండ్రి" అన్నాడు సత్తయ్య. గొంతులో తొందర ఉంది, భయం లేదు. అతను ఆఖరున బయటికొచ్చాడు, చేతిలో అచ్చు అయిన కార్డుల కట్టతో. పక్కింటి వాళ్లను కూడా ఖాళీ చేయించాం. కింద గల్లీలో తాడు కట్టి మనుషులను ఆపాం. యాదగిరి ఆ తాడు దగ్గర నిలబడి ఎవరినీ రానివ్వలేదు. పొద్దుటి నుంచి అతను నా ముఖం చూడలేదు.

మధ్యాహ్నం బాలకిషన్ సార్ అబిడ్స్ నుంచి ఆటోలో వచ్చారు. గొడుగు మీద ఆనుకుని నిలబడ్డారు. ఆయన వచ్చిన కొద్దిసేపటికే ముట్టుకోని మూల పోయింది. చప్పుడంటూ పెద్దగా రాలేదు. ఇసుక నీళ్లలా కారి తవ్విన గుంతలోకి వచ్చేసింది. దాని పైనున్న సత్తయ్య స్నానాల గది గోడ అందులోనే పడింది. ఆనుకుని ఉన్న చివరి పట్టీ కూడా అదే వేగంతో పోవాలి. అది పోలేదు. తడి పరుపులా కుంగింది, ముందుకు ఒరిగింది, అక్కడే ఆగింది. కోసుకుపోయిన పక్కన పోగులు వేళ్లలా బయటికి వేలాడుతూ కనిపించాయి. యంత్రం ఉన్న గది కిందికి దిగలేదు.

నాకు అప్పుడు సంతోషం కలిగిందని చెబితే అబద్ధం. సార్ చాలాసేపు ఆ వేలాడే పోగులనే చూశారు.

"పైపు పెట్టలేదా?"

"లేదు సార్."

"పెట్టకున్నా గింత ఆగింది" అన్నారు. తర్వాత అప్పటికే వచ్చి నిలబడ్డ సేఠ్ వైపు తిరిగి, "పెడితే ఇంట్లనే కూసోని చాయ్ తాగెటోళ్లం" అన్నారు.

ఆ తర్వాత

సాయంత్రానికి కంకర సంచుల మధ్య నుంచి వచ్చే నీళ్లు తేటపడ్డాయి. రెండు రోజులు ఎండ కాశాక మూలను తీసి, కుంగిన పట్టీని తీసి, మళ్లీ కట్టాం. ఈసారి వెనక కంకర, గుడ్డ, అడుగున పైపు, అన్నీ నా కళ్ల ముందే.

యాదగిరిని పనిలోంచి తీసేయమని సేఠ్ పట్టుబట్టాడు. నేను వద్దన్నాను. జాలి చూపించడానికి కాదు. పైపు మానేస్తే ఏమవుతుందో తన పనిలోనే చూసుకున్న మనిషి ఆ సైటులో అతనొక్కడే. కొత్తవాణ్ణి పెడితే వాడికి ఈ భయం మళ్లీ మొదటి నుంచి నేర్పాలి. కుంగిన పట్టీని యాదగిరే దగ్గరుండి తవ్వించాడు. పైపు దించేటప్పుడు దాని వాలు నాలుగుసార్లు చూసుకున్నాడు. చివరికి నా దగ్గరికొచ్చి, "నీళ్లు వచ్చేదాక నేను ఇంటికి పోను మేడం" అన్నాడు. పోలేదు కూడా.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి కచ్చితంగా చెబుతాను. పోగుల ఇసుక మంచి పద్ధతి. పెద్ద యంత్రం రాని గల్లీల్లో, పునాది తవ్వలేని చోట్ల, నేను దాన్ని ధైర్యంగా వాడాను, ఇప్పుడు అడిగినా వాడమంటాను. కానీ అది నీటికి దారి చూపే పనికి బదులు కాదు. ఈ రెంటిలో ఒకటి మానేద్దామనేవాడి దగ్గర పని చేయకండి. అలాంటి పని నేను చాలాసార్లు వదులుకున్నాను. ఆ పనులేవీ పోయాయని ఎప్పుడూ బాధపడలేదు.

సత్తయ్య యంత్రాన్ని ముందు గదిలోకి మార్చాడు. అక్కడ గచ్చు కింద రాయి ఉంది. మార్చడానికి గోడ కొంత పగలగొట్టాల్సి వచ్చింది. జరపడానికి అదేమన్నా మంచమా అన్న మనిషి, చివరికి తనే ముందు నిలబడి దుంగల మీద దాన్ని దొర్లించాడు.

రాజమ్మ గారిల్లు

అన్ని కథలూ ఇలా ముగియవు. రిటైరయ్యే ముందు చేసిన ఆఖరి పనుల్లో ఒకటి కోఠి వైపు. అక్కడ కూడా ఇసుక గట్టు, ఊట, పోగులు. అన్ని పట్టీలకూ పైపులు పెట్టాం. మొదటి వాన వెలిశాక చూస్తే రెండు పైపుల్లోంచి మసక నీళ్లు వస్తున్నాయి. పైన ఇంట్లో రాజమ్మ అనే పెద్దావిడ, కొడుకు, కోడలు. వాళ్లను వెంటనే ఇల్లు ఖాళీ చేయమన్నాను. వంట సగంలో ఉంది. రాజమ్మ గారికి మోకాళ్ల నొప్పులు. కుర్చీలో కూర్చోబెట్టి ఎదురింటికి మోశారు. ఆమె పడుకునే నులక మంచం, మందుల డబ్బా, పప్పు గిన్నె, అన్నీ మోశారు.

గట్టు పడలేదు. పగులు కూడా రాలేదు. మర్నాడు పొద్దున పైపుల్లో నీళ్లు అద్దంలా ఉన్నాయి. కంకరను కడగకుండా తెచ్చి పోశారు. వానకు దాని రాతి పొడి కొట్టుకుపోయింది. అంతే. మసక ఆ పొడిది, ఇసుకది కాదు. ముందురోజు పట్టి ఉంచిన నీళ్లలో అడుగున చేరింది బూడిదలాంటి మెత్తని పొడి. ఒక్క ఇసుక రేణువు లేదు. ఆ పొడి అడుక్కి దిగి సంగతి తేలడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట వాళ్లను ఇంట్లో ఉంచి నేను కింద నిలబడి ఎదురుచూడలేను.

కొడుకు మొహం మాడ్చుకున్నాడు. "ఏమీ లేనిదానికి గల్లీ అంతా మమ్మల్ని చూసిన్రు మేడం" అన్నాడు. "ఔ, చూసిన్రు" అన్నాను. అలాంటి నీళ్లే మళ్లీ కనిపిస్తే మళ్లీ ఖాళీ చేయిస్తాను. ఈ ఉద్యోగంలో చేరేవాళ్లు ఇలాంటి మాటలు పడటానికి సిద్ధంగా ఉండాలి. గట్టు పడితే మనల్ని గొప్పవాళ్లంటారు. పడకపోతే తిప్పలు పెట్టామంటారు. రెండు రోజులూ మనం చేసిన పని మాత్రం ఒకటే.

సామాన్లు తిరిగి చేర్చడానికి మనుషులు తక్కువైతే, నులక మంచానికి ఒక పక్క నేను పట్టుకున్నాను. గడపలో అడ్డం పడితే ఏటవాలుగా తిప్పి లోపలికి చేర్చాం. రాజమ్మ గారు గోడ పట్టుకుని నడిచి వచ్చి, మంచం మీద కూర్చుని, చేత్తో నులక ఒకసారి తడిమి చూసుకున్నారు.

"ఉత్తగనే తిప్పల పెట్టినవ్ బిడ్డా" అన్నారు.

"ఔనమ్మా, ఉత్తగనే."

ఆమె మంచం మీద జరిగి, పక్కన చోటిచ్చి, "కూసో. పప్పు మళ్ల పొయ్యి మీద పెట్టింది కోడలు. తిని పో" అన్నారు.